జపాన్ టీవీ డ్రామాలు, అభిమానుల సబ్‌టైటిళ్లు: నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో వీక్షణ

జపాన్ టెలివిజన్ కోసం తీసిన కథా ధారావాహికలను అక్కడివారు ‘దొరామా’ అంటారు. మన దగ్గర వీటికి జె-డ్రామా అన్న పేరు నిలిచింది. వీటిలోని మాటలను హక్కుదారులో ప్రసార సంస్థలో కాకుండా, చూసి ఇష్టపడ్డవాళ్లే కూలి ఆశించకుండా మరో భాషలోకి తెచ్చి, పాత్ర నోరు తెరిచే క్షణానికి సరిపోయేలా తెర అడుగున అమర్చితే అవి అభిమానుల సబ్‌టైటిళ్లు. వీటినే ఫ్యాన్‌సబ్ అని కూడా అంటారు.

ఈ వ్యాసం ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల ప్రేక్షకులను దృష్టిలో పెట్టుకున్నది. 2016 అక్టోబరు 11 నాటి పునర్వ్యవస్థీకరణ, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పాటు తర్వాత ఈ మెట్ట ప్రాంతం నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలుగా ఉంది. కొడంగల్ వంటి కొన్ని భాగాలు పక్క జిల్లాల్లో కలిశాయి. ఇక్కడి ప్రేక్షకుడికి జపాన్ డ్రామా ఎక్కువగా ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో అందుతుంది. తెలుగు అక్షరాల్లో దొరికేవి చాలా తక్కువ. జపనీస్ వాక్యం తెలుగు వాక్యానికి ఇంగ్లిష్ కంటే ఎంతో దగ్గరగా ఉండగా, మధ్యలో ఇంగ్లిష్ మెట్టు ఎక్కి దిగవలసి రావడం ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి (చూడండి: తెలుగులోకి తెచ్చేటప్పుడు).

జపాన్ డ్రామాల స్వరూపం

జపాన్ డ్రామా ఏళ్ల తరబడి సాగే డైలీ సీరియల్ కాదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో కొత్త కథలు మొదలై మూడు నెలల్లో ముగుస్తాయి. వారానికి ఒకటి చొప్పున తొమ్మిది నుంచి పన్నెండు భాగాలు, ప్రకటనలు తీసేస్తే ఒక్కోటి ముప్పావు గంట. కథ ముందే ముగింపు తెలిసి నడుస్తుంది. సబ్‌టైటిళ్లు చేసే చిన్న బృందానికి ఈ కొలత చాలా అనుకూలం. పది భాగాల పని ఒక సెలవుల కాలంలో పూర్తవుతుంది.

ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే నడిపే రెండు రకాలు ఈ లెక్కకు బయట ఉంటాయి. 1961 నుంచి వస్తున్న ఉదయపు ధారావాహిక ‘అసాదొరా’ ఇప్పుడు సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు పదిహేను నిమిషాలు. 1963లో మొదలైన ‘తైగా’ చారిత్రక కథ ఆదివారం రాత్రుల్లో ఏడాది పొడవునా సాగుతుంది.

వాణిజ్య చానళ్లలో 1991 నాటి ‘టోక్యో లవ్ స్టోరీ’, 1996 నాటి ‘లాంగ్ వెకేషన్’ ఆసియా దేశాలకు ఈ తరహాను పరిచయం చేశాయి. వ్యాధితో పోరాడే పిల్ల కథ ‘వన్ లీటర్ ఆఫ్ టియర్స్’ (2005), సంగీత కళాశాల కథ ‘నోదామే కాంతాబిలే’ (2006), రాత్రి పన్నెండు దాటాక తెరిచే చిన్న హోటల్ చుట్టూ అల్లిన ‘షిన్యా షొకుదో’ (2009), ఒంటరిగా తిరిగి భోజనం చేసే ఉద్యోగి కథ ‘కొదొకు నో గురుమే’ (2012 నుంచి), బ్యాంకు ఉద్యోగి ప్రతీకారం ‘హన్‌జావా నావొకి’ (2013) దేశం దాటి అభిమానులను సంపాదించుకున్నాయి. హన్‌జావా నావొకి చివరి భాగానికి టోక్యో ప్రాంతంలో 42.2 శాతం రేటింగ్ వచ్చింది.

వీటన్నిటికంటే ముందు చెప్పవలసినది ‘ఓషిన్’. 1983 ఏప్రిల్ నుంచి 1984 మార్చి వరకు 297 భాగాలుగా వచ్చిన ఈ అసాదొరాకు రచయిత్రి సుగాకో హషిదా. సగటు రేటింగ్ 52.6 శాతం, అత్యధికం 62.9. తర్వాత అరవైకి పైగా దేశాల్లో ప్రసారమైంది. యమగాతా కొండల్లోని పేద కౌలుదారు ఇంట పుట్టిన ఏడేళ్ల పిల్లను ఒక బస్తా బియ్యానికి బదులుగా పరాయి ఇంట పనికి పంపడంతో కథ మొదలవుతుంది. దొర ఇంట్ల ‘జీతం ఉండుడు’ ఎరిగిన పాలమూరు, దేవరకొండ ప్రాంతపు పెద్దలకు ఆ తొలి భాగాలు ఏ వివరణా లేకుండా అర్థమవుతాయి. అయినా ఆ కథ తెలుగు అక్షరాల్లో ఇక్కడి ఇళ్లకు చేరకపోవడం ఈ వ్యాసకర్త దృష్టిలో నిజమైన నష్టం.

చరిత్ర: బయటి ప్రపంచంలో

అభిమానుల సబ్‌టైటిళ్లు పుట్టింది కార్టూన్ చిత్రాల దగ్గర. 1977లో లాస్ ఏంజెలెస్‌లో ఏర్పడిన ‘కార్టూన్/ఫాంటసీ ఆర్గనైజేషన్’ సభ్యులు జపాన్ వీడియో టేపులు తెప్పించుకుని కూడి చూసేవారు. భాష తెలిసిన ఒకరు పక్కన నిలబడి కథ చెప్పేవారు, లేకపోతే కథాసారం అచ్చు వేసి పంచేవారు. 1980ల రెండో భాగంలో అమీగా కంప్యూటర్‌తో వీడియో మీద అక్షరాలు ఎక్కించడం సాధ్యమైంది. టేపు నుంచి టేపుకు నకలు తీసేకొద్దీ బొమ్మ మసకబారేది. ఖాళీ టేపు ధర, తపాలా ఖర్చు తప్ప లాభం తీసుకోకూడదన్న నియమం ఆ రోజుల్లోనే ఏర్పడింది.

2000 తర్వాత డిజిటల్ వీడియో, 2001లో వచ్చిన బిట్‌టోరెంట్ ఈ పనిని టేపుల నుంచి విడిపించాయి. నటులతో తీసిన డ్రామాలకు విడిగా బృందాలు పుట్టింది కూడా అప్పుడే. డి-అడిక్ట్స్ అన్న వెబ్‌సైటు వాటికి కూడలిగా నిలిచింది. 2006లో మొదలైన క్రంచీరోల్ అభిమానులు ఎక్కించిన వీడియోలతో నడిచి, 2009 నుంచి అనుమతులు కొని చట్టబద్ధమైన సంస్థగా మారింది. 2007లో పుట్టిన వికీ (Viki) అన్న వీడియో సేవ హక్కులు తాను కొని, సబ్‌టైటిళ్లు మాత్రం స్వచ్ఛంద అనువాదకుల చేత చేయించే పద్ధతి తెచ్చింది; 2013లో జపాన్ సంస్థ రాకుటెన్ దాన్ని కొన్నది.

చరిత్ర: మెట్ట జిల్లాల్లో

పరాయి దృశ్యానికి సొంత భాష జోడించడం పాలమూరుకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో నడిపిన సైట్ (ఉపగ్రహ బోధన టెలివిజన్) ప్రయోగంలో ఆరు రాష్ట్రాలలోని 2,400 పల్లెలకు టీవీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ ప్రసారంలో ఒకే దృశ్యానికి రెండు ధ్వని మార్గాలు ఉండేవి. అదే బొమ్మను తెలుగు పల్లెలు తెలుగులో, కర్ణాటక పల్లెలు కన్నడలో వినగలిగేవి.

జపాన్‌లో తయారైన కథలు ఈ ప్రాంతానికి మొదట పిల్లల కార్యక్రమాలుగా చేరాయి. నిప్పన్ యానిమేషన్ తీసిన ‘జంగిల్ బుక్’ 1993లో దూరదర్శన్‌లో హిందీ మాటలతో వచ్చింది. అది జపాన్‌ది అన్న సంగతి చూసిన పిల్లల్లో చాలామందికి తెలియదు. తర్వాత కేబుల్ చానళ్లలో డోరెమాన్, షిన్‌చాన్ తెలుగు మాటలతోనే ఇంటింటికీ వచ్చాయి. యూగో సాకో పూనికతో జపాన్, భారత కళాకారులు కలిసి తీసిన ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ 2025 జనవరిలో తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చింది. 2025 సెప్టెంబరులో భారత్‌లో విడుదలైన ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’కు కూడా తెలుగు ధ్వని ఉంది. అంటే కార్టూన్ కథకు తెలుగు గొంతు దొరికింది. మనుషులు నటించిన డ్రామాకు ఆ భాగ్యం చాలా తక్కువగా దక్కింది.

ఇంటర్నెట్ ఖరీదుగా ఉన్న రోజుల్లో చిన్న పట్టణాల మొబైల్ రీచార్జి దుకాణాలు మెమరీ కార్డుల్లో సినిమాలు ఎక్కించి ఇచ్చేవి. అలాంటి నకళ్లలో విడి సబ్‌టైటిల్ ఫైలు వెంట వచ్చేది కాదు. అక్షరాలు బొమ్మలోనే కలిసిపోయిన వీడియో అయితేనే మాటలు మిగిలేవి. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా చవకయ్యాక ఫోనులోనే వెతికి చూడడం అలవాటైంది. ఆ ఏడాదే నెట్‌ఫ్లిక్స్ భారత్‌కు వచ్చింది. 2020 లాక్‌డౌన్ కొరియా, జపాన్ డ్రామాలకు కొత్త ప్రేక్షకులను తెచ్చింది. హాస్టళ్లలో, ఇంజినీరింగ్, నర్సింగ్ కళాశాలల్లో చదివే యువత ఇందులో ముందున్నారు. ఉర్దూ, హిందీ చెవికి అలవాటైన ఈ జిల్లాల్లో హిందీ డబ్బింగ్ దొరికితే దాన్నే ఎంచుకునేవారూ తక్కువేం కాదు.

సబ్‌టైటిల్ తయారయ్యే విధానం

ముందుగా అక్షరాలు లేని అసలు వీడియో కావాలి. దీన్ని బృందాలు ‘రా’ అంటాయి. అనువాదకుడు మాటలు విని రాస్తాడు. జపాన్ చానళ్లు వినికిడి లోపం ఉన్నవారి కోసం ఇచ్చే జపనీస్ అక్షరాలు దొరికితే పని సగానికి తగ్గుతుంది. తర్వాత టైమింగ్: ప్రతి పంక్తి ఏ క్షణాన రావాలో, ఏ క్షణాన పోవాలో సెకనులో వెయ్యో వంతు వరకు గుర్తిస్తారు. దుకాణాల బోర్డులు, ఉత్తరాలు, ఫోను సందేశాలను తెర మీద సరైన చోట అమర్చేది టైప్‌సెట్టర్. సరిచూసేవాడు మొదటి నుంచి చివరి దాకా చూసి తప్పులు పట్టి వదులుతాడు. చిన్న బృందాల్లో ఈ పనులన్నీ ఒకరిద్దరే చేస్తారు.

అన్నిటికంటే సరళమైన రూపం ఎస్‌ఆర్‌టీ ఫైలు. అది మామూలు అక్షరాల ఫైలే: ఒక వరుస సంఖ్య, మొదలయ్యే కాలం, ముగిసే కాలం, దాని కింద మాట. నోట్‌ప్యాడ్‌లోనూ రాయవచ్చు. రంగు, స్థానం, ఫాంటు కూడా నిర్ణయించాలంటే ఏఎస్‌ఎస్ రూపం వాడతారు. 2005లో మొదలైన ఏజీసబ్, దానితోపాటు సబ్‌టైటిల్ ఎడిట్ ఉచితంగా దొరికే ప్రధాన పనిముట్లు.

తెలుగు అక్షరాలతో కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. యూనికోడ్ తొలి వెర్షన్ (1991) నుంచే తెలుగుకు చోటు ఉన్నా, తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు డబ్బాలుగా కనబడేది. ఫైలును యూటీఎఫ్-8గా భద్రపరచకపోతే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. వత్తులు అక్షరం కిందికి దిగుతాయి కాబట్టి ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటలు పై పంక్తిలో ఉంటే కింది పంక్తిని తాకుతాయి. పంక్తుల మధ్య ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. చుట్టూ వేసే నల్లని అంచు మందమైతే గుడి, కొమ్ము, వట్రుసుడి తేడా ఫోను తెర మీద చెరిగిపోతుంది. నిలువుగా సన్నబడే అలంకార ఫాంట్ల కన్నా మండలి, నోటో వంటి సాదా ఫాంట్లు ఈ పనికి నయం.

రకాలు

వీడియో నుంచి విడిగా ఉండి, కావాలంటే తీసేయగలిగేవి సాఫ్ట్ సబ్‌టైటిళ్లు. బొమ్మలో కలిసిపోయి విడదీయరానివి హార్డ్ సబ్‌టైటిళ్లు. జపనీస్ నుంచి నేరుగా చేసినవి కొన్ని. చైనీస్ అనువాదం మీద ఆధారపడి ఇంగ్లిష్‌లోకి వచ్చినవి మరికొన్ని. ఇవి తెలుగులోకి వస్తే మూడో చేతి అనువాదమవుతాయి.

యంత్ర అనువాదం మరో రకం. 2011లో గూగుల్ ట్రాన్స్‌లేట్ తెలుగును చేర్చింది. 2022లో వచ్చిన విస్పర్ అన్న పనిముట్టు జపనీస్ ధ్వనిని అక్షరాల్లోకి, ఇంగ్లిష్‌లోకి మార్చగలదు. రెంటినీ జోడించి నిమిషాల్లో తెలుగు ఫైలు తయారు చేయవచ్చు. అయితే జపనీస్ మాటల్లో కర్త చాలాసార్లు ఉండదు, క్రియ ఆడ మగ తేడా చూపదు. తెలుగు క్రియకు మాత్రం ‘వచ్చిండు’, ‘వచ్చింది’, ‘వచ్చిన్రు’లలో ఒకటి తేల్చక తప్పదు. తెర చూడని యంత్రం ఊహించి రాస్తుంది. తల్లిని గురించి అన్న మాట తండ్రికి అంటుకుంటుంది. మనిషి ఒకసారి చూసి దిద్దని యంత్ర ఫైలును ఎవరికీ పంచకపోవడమే మంచిది.

వీటి పక్కన తెలుగులో బాగా పెరిగిన మరో రూపం ఉంది. డ్రామా కథను చివరి దాకా తెలుగులో చెబుతూ దృశ్యాలు చూపించే యూట్యూబ్ వివరణ వీడియోలు అవి. చదవడం అలవాటు లేని ప్రేక్షకులకు, రొట్టె చేస్తూనో బీడీలు చుడుతూనో వినేవారికి ఇవి అందుతాయి. మూకీ చిత్రాల కాలంలో జపాన్ థియేటర్లలో తెర పక్కన నిలబడి కథ చెప్పిన ‘బెన్షీ’లు, తెలంగాణలో పటం విప్పుతూ కథ చెప్పే పటం కథ కళాకారులు ఈ రూపానికి పూర్వీకులు. అయితే గంటల కొద్దీ సాగే నటనను ఇరవై నిమిషాల మాటలకు కుదించినప్పుడు డ్రామాలోని మౌనం, నటుల ముఖం పోతాయి. వివరణ వీడియో సబ్‌టైటిల్‌కు బదులు కాదు. చట్టం దృష్టిలో దాని స్థితి కూడా వేరు (చూడండి: చట్టం).

తెలుగులోకి తెచ్చేటప్పుడు

జపనీస్ వాక్యంలో క్రియ చివర వస్తుంది. విభక్తి మాట వెనకాల చేరుతుంది. తెలుగు కూడా అంతే. పాత్ర ఒక్క క్షణం ఆగి చివరి మాట బయటపెట్టే చోట ఇంగ్లిష్ పంక్తి రహస్యాన్ని ముందే చెప్పేస్తుంది. తెలుగు పంక్తి అసలు క్రమంలోనే నడిచి, ‘కాదు’ అన్న మాటను చివరికే దాచుకోగలదు.

బంధుత్వాల్లో లాభం ఇంకా ఎక్కువ. అన్న, తమ్ముడు, అక్క, చెల్లె అన్న నాలుగు తేడాలూ జపనీస్‌లో ఉన్నాయి. ఇంగ్లిష్ వాటిని రెండుగా కలిపేస్తుంది. పేరు పెట్టకుండా ‘అన్నా’, ‘అక్కా’ అని పిలిచే అలవాటు రెండు చోట్లా ఉంది. కొత్త మనిషిని ‘అవ్వా’, ‘తాతా’ అని వరుస కలిపి పిలవడం కూడా ఉంది. ఇంగ్లిష్‌లో పేర్లుగా మారిపోయిన ఈ పిలుపులను తెలుగు అనువాదకుడు చెవితో విని తిరిగి నిలబెట్టవచ్చు. దానికి జపనీస్ అంతా రానవసరం లేదు.

ఇంట్లోంచి వెళ్లేటప్పుడు జపాన్ వాళ్లనే ‘ఇత్తెకిమాస్’లో వెళ్లడమూ తిరిగి రావడమూ రెండూ ఉన్నాయి. ‘పోయొస్త’ సరిగ్గా అదే. ‘పోతున్న’ అనడం అశుభమని ఇక్కడి ఇళ్లలో ఇప్పటికీ పెద్దలు మందలిస్తారు. జవాబు ‘ఇత్తెరష్షాయ్’ మన ‘పోయిరా’. తిరిగొచ్చి ‘తదైమా’ అంటే ‘వచ్చిన’, లోపలి నుంచి ‘ఒకాయెరి’ అంటే ‘వచ్చినవా’. ప్రతి డ్రామాలో పదులసార్లు వచ్చే ఈ మాటల దగ్గర ఇంగ్లిష్ అనువాదం ప్రతిసారీ తడబడుతుంది.

గౌరవం దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. జపనీస్‌లో మర్యాద క్రియలో కనబడుతుంది. కోస్తా ప్రమాణ భాషలో ‘మీరు, అండి’ దానికి సరిపోతాయి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తల్లిని, తండ్రిని, పెద్దనాయినను ‘నువ్వు’ అనే అంటారు. గౌరవమంతా వరుస పిలుపులో ఉంటుంది: ‘ఎటు పోతున్నవ్ పెద్దనాయినా’ అన్నదాంట్లో లోటేమీ లేదు. ఇంటి సంభాషణకు ఈ పద్ధతి, బ్యాంకు, ఆఫీసు దృశ్యాలకు ‘సారు, మీరు’ వాడితే పాత్రల మధ్య దూరం సరిగ్గా తెలుస్తుంది. హన్‌జావా నావొకి వంటి కథలో పై అధికారి ముందు వంగిన మాట, చివర్లో అదే మనిషి మీద తిరగబడిన మాట వేరని ప్రేక్షకుడికి వినిపించాలి.

మాండలికం మరో నిర్ణయం. ‘ఓషిన్’లో యమగాతా యాస, ఇవాతే తీరాన జరిగే ‘అమా-చాన్’ (2013)లో ఈశాన్య జపాన్ యాస కథలో భాగం. టోక్యో మాట మాట్లాడేవారు వాటిని విని నవ్వుతారు. అందరికీ ఒకే పుస్తక భాష పెడితే ఆ గీత చెరిగిపోతుంది. పల్లె పాత్రలకు తెలంగాణ మాట, నగరం వాళ్లకు పత్రికల భాష వాడడం ఒక దారి. తెలంగాణ మాటను హాస్యపాత్రలకూ రౌడీలకూ మాత్రమే కట్టబెట్టిన పాత సినిమా అలవాటు ఇక్కడ దూరకూడదు. ఓషిన్ తల్లి దుఃఖం పాలమూరు మాటలో పలికితే దాని బరువు పెరుగుతుందే గాని తగ్గదు.

తిండి పేర్లను మార్చాలా వద్దా అన్నదానిపై అనువాదకుల్లో రెండు వాదాలున్నాయి. అన్నం మీద వేడి టీ పోసుకుని తినే ‘ఒచాజుకె’ను అలాగే ఉంచి, మొదటిసారి మాత్రం తెర పైభాగంలో చిన్న వివరణ ఇవ్వడం ఒక పద్ధతి. గట్కగానో చల్లబువ్వగానో మార్చడం రెండోది. తెర మీద గిన్నె కనబడుతూనే ఉంటుంది కాబట్టి రెండోది కంటికీ మాటకూ పొంతన లేకుండా చేస్తుంది. తిండే కథ అయిన షిన్యా షొకుదో వంటి వాటిలో మొదటిదే పనికొస్తుంది.

వెతకడం, చూడడం

పేరుతోనే చిక్కు మొదలవుతుంది. ఒకే డ్రామాకు జపనీస్ పేరు, రోమన్ లిపిలో రాసిన పేరు, అంతర్జాతీయ ఇంగ్లిష్ పేరు మూడూ ఉంటాయి: షిన్యా షొకుదోనే ‘మిడ్‌నైట్ డైనర్’. నటుల ఇంటిపేరు జపాన్‌లో ముందు వస్తుంది, ఇంగ్లిష్ జాబితాల్లో వెనక. ప్రసారమైన ఏడాది, చానల్ పేరు తెలిస్తే మైడ్రామాలిస్ట్ వంటి సూచికల్లో తేలిగ్గా దొరుకుతుంది.

అనుమతి ఉన్న దారుల్లో నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో, రాకుటెన్ వికీ ముఖ్యమైనవి. హక్కుల ఒప్పందాలను బట్టి భారత్‌లో దొరికే జాబితా మారుతుంటుంది. ఎన్‌హెచ్‌కే వరల్డ్-జపాన్ ఇంగ్లిష్ కార్యక్రమాలు ఉచితం. జపాన్ ఫౌండేషన్ ఆన్‌లైన్ చలనచిత్రోత్సవం 2024లో సినిమాలతోపాటు ‘డౌన్‌టౌన్ రాకెట్’, ‘రికువో’ అన్న రెండు టీవీ డ్రామాలను సబ్‌టైటిళ్లతో ఉచితంగా చూపింది. చిన్న కర్మాగారాల శ్రమను చెప్పే ఆ రెండు కథలూ పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గాల ఇళ్లలో చూడదగినవి.

విడిగా దొరికిన సబ్‌టైటిల్ ఫైలును వీడియో ఉన్న ఫోల్డరులోనే, అదే పేరుతో పెడితే వీఎల్‌సీ, ఎంఎక్స్ ప్లేయర్ దాన్ని తమంతట తాము పట్టుకుంటాయి. అక్షరాలు మాట కంటే ముందో వెనకో వస్తే కారణం ఎక్కువగా ప్రకటనలు. టీవీ ప్రసారానికి చేసిన ఫైలును డిస్కు వీడియోకు వాడితే ప్రతి విరామం దగ్గరా తేడా పెరుగుతుంది. మొదటి నుంచీ ఒకే తేడా ఉంటే కంప్యూటర్ వీఎల్‌సీలో జి, హెచ్ మీటలతో సర్దవచ్చు. క్రమంగా పెరిగే తేడాకు సబ్‌టైటిల్ ఎడిట్‌లో మొదటి మాట, చివరి మాట కాలాలను సరిచేయాలి.

చట్టం

భారత కాపీరైట్ చట్టం, 1957లోని 14వ సెక్షన్ ప్రకారం సాహిత్య రచనను అనువదించే హక్కు హక్కుదారుదే. డ్రామా సంభాషణలకు ఇది వర్తిస్తుంది. 52వ సెక్షన్ సొంత వాడకానికి, పరిశోధనకు, విమర్శకు న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. 2012 సవరణ వికలాంగులకు అందుబాటు రూపాలు తయారు చేయడానికి మినహాయింపు చేర్చింది. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. వీడియో లేకుండా అక్షరాల ఫైలు మాత్రమే పంచినా అనువాద హక్కు ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఇతర దేశాల్లో కోర్టులు కఠినంగానే ఉన్నాయి. 2017లో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు అభిమానుల సబ్‌టైటిళ్లు హక్కుల ఉల్లంఘనే అని తేల్చింది. స్వీడన్‌లో 2013లో పోలీసులు మూయించిన సబ్‌టైటిళ్ల కేంద్రం నిర్వాహకుడికి 2017లో శిక్ష పడింది. చైనాలో పేరున్న బృందం వైవైఈటీఎస్‌పై 2021లో షాంఘై పోలీసులు చర్య తీసుకున్నారు. సినిమా కథను పది నిమిషాల్లో చెప్పే ‘ఫాస్ట్ మూవీ’ వీడియోలపై జపాన్‌లో 2021లో అరెస్టులు జరిగాయి. 2022 నవంబరులో టోక్యో కోర్టు 50 కోట్ల యెన్‌ల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. తెలుగు వివరణ వీడియోలు చేసేవారు తెలుసుకోవలసిన తీర్పు ఇది.

అభిమాన బృందాల్లో రాయని నియమాలు కొన్ని ఉన్నాయి. అనుమతితో ఆ డ్రామా విడుదలైతే తమ ఫైలు తీసేయాలి. అమ్మకూడదు. మరొకరి పేరు చెరిపి తమ పేరు పెట్టుకోకూడదు. ఇవి కోర్టులో రక్షణ కావు. కానీ ఈ పనికి గౌరవం నిలిపినవి ఇవే.

ఉపయోగం, ప్రభావం

జపనీస్ నేర్చుకునేవారికి డ్రామాలు చెవి సాధనంగా పనికొస్తాయి. 2019 ఏప్రిల్‌లో జపాన్ నైపుణ్య కార్మికుల వీసా పద్ధతి తెచ్చింది. 2021 జనవరిలో భారత్‌తో ఒప్పందం కుదిరింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులు, ఇతర వృత్తులవారికి భాష నేర్పి జపాన్‌కు పంపే కార్యక్రమాలు నడుపుతోంది. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో జపనీస్ బోధన ఉంది. వలస అంటే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, దూరదేశపు మట్టిపని అని ఎరిగిన పాలమూరు పిల్లలకు చదువుతో, భాషతో వెళ్లే వలస మరో దారి. ఆస్పత్రి, వృద్ధాశ్రమం, అద్దె గది జీవితం ఎలా ఉంటుందో డ్రామాలు ముందే చూపిస్తాయి. అయితే డ్రామాలోని స్నేహితుల మాటతీరు పని చోట అమర్యాద కావచ్చు. తరగతిలో నేర్చిన మర్యాద రూపాలే అక్కడ ఆధారం.

ఎదురు దిశలోనూ రాకపోకలున్నాయి. 1998లో ‘ముత్తు’ జపాన్‌లో ఆడి, అక్కడ భారతీయ సినిమాల వసూళ్ల రికార్డు నెలకొల్పింది. 2022 అక్టోబరు 21న విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ ఆ రికార్డును దాటింది. 2024 జనవరిలో తకరజుకా నాటక సంస్థ దాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. సెకనుకు నాలుగు అక్షరాలన్న లెక్క పాటించే జపాన్ సబ్‌టైటిళ్లలో తెలుగు డైలాగు ఎంత కుదించుకుపోయినా, అక్కడి ప్రేక్షకులు మళ్లీ మళ్లీ చూశారు.

తెలుగు ఫైళ్ల స్థితి, నిల్వ

మలయాళంలో 2012లో మొదలైన ఎంసోన్ బృందం వేల సినిమాలకు, ధారావాహికలకు ఉచితంగా సబ్‌టైటిళ్లు చేసింది. జపాన్, కొరియా కథలు అందులో ఉన్నాయి. తెలుగులో ఆ స్థాయి బృందం ఏర్పడలేదు. డబ్బింగ్ పరిశ్రమ బలంగా ఉండడం, చదువుకున్న యువత ఇంగ్లిష్ అక్షరాలతో సర్దుకుపోవడం, తెర మీద తెలుగు చదివే అలవాటు తక్కువ కావడం దీనికి కారణాలుగా కనబడతాయి. దొరికే తెలుగు ఫైళ్లు ఒక్కొక్కరు విడివిడిగా చేసినవి.

అలాంటి పని పోవడం చాలా తేలిక. ఏళ్లుగా అన్ని భాషల ఫైళ్లకు గిడ్డంగిగా ఉన్న సబ్‌సీన్ 2024లో మూతపడింది. ఓపెన్‌సబ్‌టైటిల్స్ వంటివి మిగిలాయి. ఫైలు మొదటి పంక్తిలో అనువాదకుడి పేరు, ఏ భాష నుంచి చేశారో, ఏ వీడియో రూపానికి సరిపోతుందో, తేదీ రాసి యూటీఎఫ్-8లో ఒకటికి రెండు చోట్ల దాచడం బృందాలు పాటించే పద్ధతి. ఒక డ్రామా మొత్తం తెలుగు ఫైళ్లు ఒక ఫొటో పట్టేంత చోటు కూడా తీసుకోవు. వాటిని ఫోనులో దాచినవారి దగ్గరే కొన్ని డ్రామాల తెలుగు మాటలు ఇప్పటికీ ఉన్నాయి.